లంగరు లేని ఓట్లు

సెప్టెంబరు 2
లంగరు: కింద. లోతు: అరవై రెండు మీటర్లు. గాలి: నైరుతి, నెమ్మది.

ఈ పుస్తకంలో పై మూడు సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదని అట్ట లోపల అచ్చువేశారు. నేను రాస్తాను. పద్నాలుగో తెప్పకి లంగరు మనిషిని నేను, గరికిన మరిడమ్మని. ఆరు వందల నలభై మంది ఓటర్లున్న ఈ తేలే ఊరు ఎక్కడుందో ఒడ్డువాళ్లు తెలుసుకునేది ఈ పేజీల వల్లే. గొలుసుకి పట్టిన గుల్లలు గీకేది నేను. లంగరు ఎత్తే చక్రానికి గ్రీజు పూసేది నేను. పేజీలో మిగిలిన జాగా కూడా నాదే.

పొద్దున నాచు తోట తాళ్లు బిగించాక అందర్నీ కూర్చోబెట్టి ఓటు పాఠం చెప్పాను. నేను బడికి పోలేదు. చక్రం మరమ్మతు పుస్తకాలు ముందేసుకుని చదవడం నేర్చుకున్నాను. అఖాత సభ ఎన్నికల పుస్తకం నాలుగు వందల పన్నెండు పేజీలు. తెప్ప మీద దాన్ని పూర్తిగా చదివింది నేనొక్కదాన్నే. ఎనిమిది దేశాలు, పన్నెండు ప్రాంతాలు, రెండు వందల ఒక్క సీట్లు. ఏడో పేజీలోని వాక్యం చిన్నపిల్లలు కూడా అప్పజెబుతారు: తేలే ఊరి లంగరు ఏ ప్రాంతపు నేలను తాకి ఉంటే ఆ ఊరివాళ్లు ఆ ప్రాంతపు ఓటర్లు. మా లంగరు ఆరో ప్రాంతంలో ఉంది.

దాంతోపాటు ఇంకో సన్నటి పుస్తకం కూడా పంపారు. మీద 'నౌకల అనుబంధం' అని ఉంది. మేం నౌక కాదు కదా. గ్రీజు డబ్బా కింద పెట్టాను, నేల పాడవకుండా.

"ఒలే మరిడీ, ఆ బెహెరా గుర్తు ఏటే? గొడుగా, గంటా?" అని అడిగింది చినపోలమ్మ మామ్మ. తెప్ప మొత్తానికీ పెద్దది ఆవిడే.

"గొడుగు, మామ్మా. పైనించి నాలుగోది."

"నా కళ్లకి నాలుగోదేటో నలబయ్యోదేటో. ఏలెట్టి సూపించు."

"ఏలెట్టి సూపిస్తే నేరం."

"నేరమంట! తొమ్మిదో తెప్పని గేటు బయట ఒగ్గేసినోల్లు సుబ్బరంగా తిరుగుతున్నారు. నువ్వు ఏలెడితే నేరమా?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మూడేళ్ల కిందటి తుఫానులో తొమ్మిదో తెప్ప పెదగుమ్మం రేవు గేటు దాకా చేరింది. 'తేలే ఊళ్లకు ప్రవేశం లేదు' అని ఆ గేటు మీద బోర్డు. తెరవలేదు. అరవై ముగ్గురు పోయారు. మామ్మ కొడుకులిద్దరూ అందులో ఉన్నారు. ఆ తెప్ప మోటారు బాగుచెయ్యడానికి వెళ్లిన మా నాన్న కూడా.

గేట్లు తెరిపించే చట్టం తెస్తామంటున్నది గొడుగు వాళ్లొక్కరే. ఆరో ప్రాంతంలో వాళ్ల మనిషి సుభద్రా బెహెరా, తెప్ప మీదే పుట్టిన మనిషి. అక్టోబరు వచ్చేస్తోంది. మాకు కావలసింది ఆ ఒక్క గేటు.

సెప్టెంబరు 5, పోలింగు
లంగరు: తొమ్మిదిన్నరకి ఎత్తాం. మూడున్నరకి దించాం. గాలి: లేదు.

ఏడు గంటలకి పెట్టె తెరిస్తే మొదట నిలబడింది చినపోలమ్మ మామ్మ. నరసమ్మ, అంటే ఆవిడ పెద్ద కోడలు, రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. మామ్మ తెర వెనక చాలాసేపు ఉంది. బయటికొచ్చి, "నొక్కేసేను. గొడుగో గంటో ఆ గంగమ్మకే తెలియాల" అని నా బుగ్గ మీద ఒకటి తట్టి వెళ్లిపోయింది. ఎనిమిదీ నలభైకి నాచు ఆరబెట్టే పలక మీద కూర్చున్నది కూర్చున్నట్టే ప్రాణం వదిలింది.

మా ఆచారం ఒకటుంది. తెప్ప మీద ఎవరు పోయినా ఒక పోటు సేపు, అంటే ఆరు గంటలు, లంగరు ఎత్తి ఉంచుతాం. మనిషిని నీళ్లలోకి పంపేటప్పుడు ఊరు నేలకి కట్టేసి ఉండకూడదు. ఉంటే పోయినవాళ్లు ఆ గొలుసు దగ్గరే చిక్కుకుంటారని నమ్మకం. నాన్నకి ఆ పోటు కూడా దక్కలేదు.

తెప్ప పెద్ద కొర్లయ్య మావ చక్రం దగ్గరికొచ్చాడు. "పోలింగు రోజు కదే. ఎత్తితే ఏటన్నా అవుద్దేటి?"

ఏమీ కాదన్నాను. కాదని చెప్పడానికి లెక్క చూశాను. ఐదో ప్రాంతపు గీత మాకు తొమ్మిది కిలోమీటర్ల దూరం. ప్రవాహం గంటకి అర కిలోమీటరు దాటడం లేదు. ఆరు గంటలు వదిలేసినా మూడు కిలోమీటర్లు. అయినా మోటార్లు చూసే రఫీకుల్‌కి చెప్పి నాలుగూ ఎదురు తిప్పించాను.

"గీత దాటం మావా. పూచీ నాది."

"నువ్వు సదూకున్నదానివి. నీ మాటే మాట."

ఎత్తాను. అందరూ పలకల అంచున నిలబడ్డారు. నరసమ్మ మామ్మని పాత నాచు వలలో చుట్టింది. పంపించాం. ఏడుస్తూనే వరసలో నిలబడి ఓట్లేశారు. మొత్తం ఐదు వందల ఎనభై ఎనిమిది. లంగరు దించాక చూస్తే రెండు కిలోమీటర్లు కూడా కదల్లేదు. గర్వపడ్డాను. ఆ సంగతి కూడా రాసిపెడుతున్నాను, తర్వాత చదువుకుని సిగ్గుపడడానికి పనికొస్తుంది.

సెప్టెంబరు 8
లంగరు: కింద. లోతు: అరవై. గాలి: ఎవడిక్కావాలి.

మధ్యాహ్నం నించి ఫలితాలు. అందరం తెర ముందు కూర్చున్నాం. ప్రాంతం ప్రాంతంగా వస్తుంటే పిల్లలు గిన్నెలు వాయించారు. అండమాన్ వాళ్లు ముగ్గురికి ముగ్గురూ గొడుగే. ఇరావతి నోటి దగ్గర సగం సగం. హుగ్లీ వాళ్లు నిండా ముంచారు. "మావోల్లు ఎప్పుడూ ఇంతే దీదీ" అని రఫీకుల్ తల పట్టుకున్నాడు. ఐదో ప్రాంతంలో, అంటే పెదగుమ్మం రేవున్న ప్రాంతంలో, గేట్లు మూసే ఉండాలనే పెద్దమనిషి మూడు వందల ఓట్లతో బయటపడ్డాడు. గిన్నెలు ఆగిపోయాయి.

నాలుగు గంటలకి లెక్క తేలింది. గేటు వాళ్లకి నూరు, గొడుగుకి నూరు. మిగిలింది మా ఆరో ప్రాంతపు చివరి సీటు. బెహెరాది.

తెప్పల పేర్లు వరసగా పైకి జరుగుతున్నాయి. పదమూడో తెప్ప: 702. పద్నాలుగో తెప్ప: 0. పదిహేనో తెప్ప: 655.

నేను సరిగ్గా చూడలేదేమో అనుకున్నాను. రఫీకుల్ తెరని వెనక్కి జరిపాడు. సున్నా. బెహెరా రెండు వందల పదకొండు ఓట్లతో ఓడిపోయింది.

కొర్లయ్య మావ నా వైపు తిరిగి, "మన ఓట్లెక్కడికెల్లేయే?" అన్నాడు, దారి తప్పిన మేకల గురించి అడిగినట్టు.

కమిషన్ వాళ్లని పిలిచాను. రెండు గంటలు సంగీతం వినిపించారు. తర్వాత ఒక గొంతు చెప్పింది: నౌకల అనుబంధం, పద్నాలుగో నిబంధన చూసుకోండి.

గ్రీజు డబ్బా ఎత్తాను. అట్ట మీద గుండ్రటి మరక. లోపల పద్నాలుగో నిబంధన: పోలింగు గంటల్లో ఏ నిమిషమైనా లంగరు ఎత్తి ఉన్న తేలే ఊరు ఆ రోజంతా నౌక. నౌకలో పడిన ఓట్లు ఏ ప్రాంతానికీ చెందవు. వాటిని పన్నెండు ప్రాంతాలకీ సమానంగా పంచాలి.

ఐదు వందల ఎనభై ఎనిమిదిని పన్నెండుతో భాగిస్తే నలభై తొమ్మిది. హుగ్లీకి నలభై తొమ్మిది. అండమాన్‌కి నలభై తొమ్మిది. మమ్మల్ని చంపిన గేటున్న ప్రాంతానికి నలభై తొమ్మిది. గొడుగు అనుకుని మామ్మ నొక్కిన వేలు ఏ సముద్రంలో పడిందో. మా ఓట్లు మాకు పడి ఉంటే బెహెరా మూడు వందల దగ్గర తేడాతో గెలిచేది.

ఎవడు రాశాడు దీన్ని? వాడి ఇంటి కింద నీళ్లు ఎప్పుడైనా కదిలాయా? వాడి ఊళ్లో ఎవరైనా పోతే, శవాన్ని మోసేంతసేపూ నీది ఊరు కాదు పొమ్మని వాడికెవరైనా చెప్పారా? నేను గీత కొలిచాను. ప్రవాహం కొలిచాను. నాలుగు మోటార్లు తిప్పించాను. చదవాల్సిన ఎనభై ఎనిమిది పేజీల మీద గ్రీజు డబ్బా పెట్టాను.

"ఇకమీదట పోలింగు రోజున ఎవులూ సావకండొరే" అని వెనకనించి ఎవరో అన్నారు. సగం మంది నవ్వారు, సగం మంది ఏడ్చారు. నేను చక్రాన్ని తన్నాను. బొటనవేలు వాచింది.

సెప్టెంబరు 9
లంగరు: కింద. లోతు: అరవై.

అనుబంధం మొత్తం చదివాను. పదహారో నిబంధన: లంగరు దానంతటది జారితే తప్పు కాదు, ఓట్లు చెల్లుతాయి. లంగరు ఎత్తడం, దించడం నమోదు చేసే మా గొలుసు మీది యంత్రం పోయిన తుఫానులోనే చెడిపోయింది. ఆ రోజు మేం కదిలామని ఓట్ల పెట్టె ఒడ్డుకి చెప్పేసింది, కానీ లంగరు ఎత్తామో జారిందో చెప్పగలిగేది ఈ పుస్తకం ఒక్కటే.

కొర్లయ్య మావ ఐదో తారీకు పేజీ తీసి నా ముందు పెట్టాడు. "ఎత్తేమన్నది కొట్టేసి, జారిందని రాసీ. ఒక్క మాటే."

"రాస్తాను" అన్నాను. నిజంగానే రాసేదాన్ని. కమిషన్‌తో అబద్ధమాడడానికి నాకేం బాధ లేదు. కలం తీశాను కూడా.

నరసమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "మా అత్తకి లంగరెత్తనేదని రాస్తావేటి?"

"కాయితం మీదే కదే, పిన్నీ. ఎత్తిన సంగతి మనందరికీ తెల్దా?"

"కొడుకులిద్దరికీ పోటు దక్కనేదని ముసల్ది మూడేల్లు కుమిలి సచ్చింది. దానికైనా దక్కిందనుకున్నాను. అదీ జారిపోయిన లంగరేనని రాసీసుకుంటే ఇంక మనకేటి మిగుల్తాది?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, నేనూ అరిచేదాన్ని.

మావ పుస్తకం మూసేశాడు. కలం మూత కనపడలేదు, ఇప్పటికీ దొరకలేదు.

సెప్టెంబరు 20
లంగరు: కింద. లోతు: అరవై ఒకటి. గాలి: తూర్పు.

అప్పీలు విన్నారు. తెర మీద కమిషనరు, ఏ దేశపు మనిషో తెలియదు. ఆయన మాటల్ని యంత్రం తెలుగు చేసి చెప్పింది. ఆ తెలుగు ఎవరి ఇంట్లో మాట్లాడతారో దానికే తెలియాలి.

"మాన్యురాలా, తమ ఆవేదన నమోదైనది" అంది యంత్రం.

"ఆవేదన కాదు. కోపం. అది నమోదు చెయ్యండి."

"తమ ఉద్రేకము నమోదైనది."

లంగరు ఎందుకు ఎత్తామో చెప్పాను. గీత దాటలేదని చెప్పాను. ఆయన గడియారం చూసుకున్నాడు, అది అనువాదం లేకుండానే అర్థమైంది. తర్వాత తీర్పు: "లంగరు నేలను తాకియున్నంతవరకే తేలు నివాసము నివాసమగును. లంగరు పైకెత్తిన క్షణము నుండి అది అన్ని విధములా, అన్ని చట్టముల క్రిందా నౌకయే. అప్పీలు కొట్టివేయడమైనది."

"అన్ని చట్టాల కిందా?" అన్నాను.

"అన్ని చట్టముల క్రిందా."

"ముద్ర వేసి ఇవ్వండి."

"మాన్యురాలా, ప్రతి సంకేతరూపంలో..."

"నాకు ముద్ర కావాలి. కాయితం మీద."

ఆ మాట ఊరికే మొండితనంతో అన్నాను. వాళ్లు చేసిన పని వాళ్ల చేతే రాయించి చక్రం మీద మేకుకి తగిలించి, రోజూ చూసి తిట్టుకుందామని. (ఇది ముప్పయ్యో తారీకున ఈ కిందే రాస్తున్నాను.) సరుకుల పడవలో పదో రోజుకి వచ్చింది. తగిలించాను. తిట్టాను.

అక్టోబరు 11
లంగరు: కింద. గాలి: తూర్పు, పెరుగుతోంది.

తుఫాను హెచ్చరిక. మూడు రోజుల్లో మా మీదికే. సభలో గేటు చట్టం పోయిన వారమే ఒక్క ఓటుతో పడిపోయింది. ఆ ఒక్క ఓటు ఎవరిదో ఇక్కడ అందరికీ తెలుసు. ఎవరూ నన్ను ఏమీ అనడం లేదు. దాంతో ఇంకా మండుతోంది.

పొద్దున గొలుసు అదనపు కట్లు బిగిస్తున్నాం. రఫీకుల్ మేకుకున్న కాయితం చూసి, "ఇది ఎగిరిపోద్ది దీదీ, తీసి దాచుకో" అన్నాడు. తీశాను. తీసి మళ్లీ చదివాను. అన్ని విధములా. అన్ని చట్టముల క్రిందా.

అనుబంధం తెరిచాను. ముప్పై ఒకటో నిబంధన. కోపంలో చదివిన రోజు కళ్ల ముందు నించే పోయింది, అంటలేదు: తుఫాను హెచ్చరిక ఉన్న కాలంలో ఏ రేవూ ఏ నౌకకూ ప్రవేశం నిరాకరించరాదు.

మావని పిలిచాను. చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు.

"అంటే, లంగరెత్తేస్తే..."

"ఊరు కాదు. ఓడ. ఆల్లే రాసిచ్చేరు. ముద్ర చూడు."

"ఆల్లు ఒప్పుకుంటారంటావా?"

"పోయినసారి కూడా నా పూచీ మీదే నమ్మేవు. ఈసారి నమ్మకు. నువ్వే సదువుకో."

ఆయనకి అక్షరాలు సరిగ్గా రావు. అయినా కాయితం తీసుకుని వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాడు. పూర్తయ్యేసరికి చాలాసేపు పట్టింది. ఆపమని ఎవరూ అనలేదు. "ఎత్తీ" అన్నాడు.

రేడియోలో మిగతా తెప్పలకి తీర్పు చదివాను, ముప్పై ఒకటో నిబంధన చదివాను. పెదగుమ్మానికి దగ్గర్లో ఉన్న ఎనిమిది తెప్పలు వస్తామన్నాయి. దూరం నలభై ఆరు కిలోమీటర్లు. తెప్పగా కలిపి కట్టిన ముప్పై ఆరు తేలే పలకల్నీ విప్పి ఒకదాని వెనక ఒకటి తాళ్లతో కట్టాం. నాచు తోట వదిలేశాం. రెండేళ్ల పంట అది.

అక్టోబరు 13
లంగరు: పైన. గాలి: నిలబడనివ్వడం లేదు.

మధ్యాహ్నం పెదగుమ్మం గేటు ముందుకి చేరాం. బోర్డు అలాగే ఉంది. రంగు కొత్తగా వేశారు.

రేడియోలో గేటు మనిషి: "ఎవరక్కడ? మీది తెప్ప. తేలే ఊళ్లకి ప్రవేశం లేదు, వెనక్కెళ్లిపోండి."

"ఇది ఊరు కాదు. ఓడ."

"ఏం ఓడ? పేరేంటి?"

పేరు గురించి ఆలోచించలేదు. ఓడకి పేరుండాలి. "చినపోలమ్మ" అన్నాను.

"అలాంటి ఓడ నా లిస్టులో లేదమ్మా. నా కళ్లెదురుగా కనబడుతోంది, దాని మీద మేకలు కూడా ఉన్నాయి!"

"ఓడలో మేకలుండకూడదని ఎక్కడుందో నిబంధన చదువు. నేను నా నిబంధన చదువుతాను." చదివాను. కమిషనరు పేరు, తేదీ, ముద్ర నంబరు. "నువ్వు గేటు తెరవకపోతే తేలే ఊరిని ఆపినట్టు కాదు. హెచ్చరిక కాలంలో ఓడని ఆపినట్టు. పోయినసారి మీరు బోర్డు వెనక దాక్కున్నారు. ఈసారి నీ పేరు అడుగుతున్నాను. రాసుకోవడానికి కలం పట్టుకుని కూర్చున్నాను. చెప్పు."

నలభై నిమిషాలు రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. చివరి పలక తాడు ఒకటి తెగింది, రఫీకుల్ నడుముకి మోకు కట్టుకుని దూకి దాన్ని మళ్లీ ముడేశాడు. నరసమ్మ పిల్లల్ని నాచు వలలతో స్తంభాలకి కట్టింది. ఇక్కడే, ఈ నీళ్లలోనే నాన్న. నాకు భయం వేసింది. భయం కూడా కోపంగానే వచ్చింది.

గేటు కదిలింది. ముందు ఒక మనిషి పట్టేంత, తర్వాత మా పలక పట్టేంత.

లోపలికి వచ్చాం. వెనక ఎనిమిది ఓడలు, మేకలతో, కోళ్లతో, ఉతికి ఆరేసిన చీరలతో. ఎవరూ గిన్నెలు వాయించలేదు. గోడ అవతల సముద్రం విరుచుకుపడుతుంటే ఇవతల నీళ్లు తొణకడం లేదు. ఇంత చిన్న విషయం. ఒక గోడ, ఒక గేటు. దీనికోసమా అరవై ముగ్గురు.

గేటు మనిషి రేడియోలో మళ్లీ వచ్చాడు. ఈసారి గొంతు వేరేగా ఉంది, ఎవరో పక్కన నిలబడి చెప్పిస్తున్నట్టు. "చినపోలమ్మ, వినండి. కట్టుకోవడానికి తాళ్లు మేమే ఇస్తాం. లంగరు మాత్రం వెయ్యొద్దు. మళ్లీ చెబుతున్నాను, లోపల లంగరు వెయ్యకూడదు."

కొర్లయ్య మావ నన్ను చూశాడు. "ఎందుకే అంత గట్టిగా సెప్తున్నాడు?"

"ఏడో పేజీ గుర్తు తెచ్చుకో, మావా."

ఆయన పెదాలు కదిలాయి. లంగరు ఏ ప్రాంతపు నేలను తాకి ఉంటే. వెనక నరసమ్మ అప్పటికే పైకి చదివేస్తోంది, పిల్లలు అందుకున్నారు. ఇది ఐదో ప్రాంతం. గేటు పెద్దమనిషి మూడు వందల ఓట్లతో గెలిచిన ప్రాంతం. మేం తొమ్మిది తెప్పలం, ఆరు వేల ఓట్లు.

"తాళ్లొద్దు" అని రేడియోలో చెప్పాను. "మాకు లంగరుంది."

చక్రం బ్రేకు తీశాను. గ్రీజు నిండుగా ఉంది, ఒక్క చప్పుడు లేకుండా తిరిగింది. రేడియోలో ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు. గొలుసు వదులైంది. నేల తగిలింది.

లంగరు: కింద. లోతు: పదకొండు మీటర్లు. చోటు: పెదగుమ్మం రేవు నడిమధ్య, ఐదో ప్రాంతం. ఊరి పేరు: చినపోలమ్మ. రాసింది గరికిన మరిడమ్మ, ఈ ప్రాంతపు ఓటరు.